అరవై గళ్ళ వరస

నెల్లిమర్లలో ఈశ్వరి ఇంట్లో తొడుగు లేని వస్తువంటూ లేదు. మిక్సీకి గౌను, నీళ్ళ ఫిల్టరుకి స్వెట్టరు, ఫ్రిజ్జు హ్యాండిలుకి చెయ్యి పొడుగు జాకెట్టు. టీవీ రిమోటుకి ముందు ప్లాస్టిక్ కవరు, ఆ కవరు పాడవకుండా దానిమీద క్రోషియా కవరు. ఆ ఇంట్లో చొక్కా లేకుండా తిరిగేది జగన్నాధం ఒక్కడే.

జగన్నాధం ఆమెకి మేనబావ. ముప్పై ఒక్క ఏళ్ళుగా మొగుడు కూడా. జూట్ మిల్లు టైమాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మగ్గాల మోత పక్కన ముప్పై నాలుగేళ్ళు మాట్లాడి మాట్లాడి, ఆయన గొంతు ఒకే ఎత్తులో బిగుసుకుపోయింది. పులుసులో ఉప్పు తగ్గిందని ఆయన అంటే, ఎదురింటివాళ్ళు తమ పులుసు రుచి చూసుకునేవారు. పిల్లల్లేరు. ఆ విషయంలో బంధువులు పాతికేళ్ళు సలహాలిచ్చి, చివరికి వాళ్ళే అలిసిపోయారు.

రిటైరైన మొగుడికి ఇంట్లో రెండే పనులుంటాయి. పేపరు చదవడం, పెళ్ళాం పనిలో తప్పులు వెతకడం. పేపరు తొమ్మిదింటికల్లా అయిపోయేది. తొమ్మిదిన్నరకి పోపులో ఆవాలు ఎక్కువయ్యాయని తేల్చేవాడు. ఇలా ఆరు నెలలు భరించి, ఈశ్వరి ఆయన నోటికి ఒక ఉద్యోగం ఇచ్చింది.

రోజూ ఏడున్నరకి “పెద్దింటి పారిజాతం” అని ఒక సీరియల్ వస్తుంది. అందులో పారిజాతం మంచిది. అత్త భ్రమరాంబ చెడ్డది. ఆరేళ్ళుగా ఈ పరిస్థితిలో మార్పు లేదు. ఈశ్వరికి పారిజాతమంటే ప్రాణం. ఫ్రిజ్జుకీ మిక్సీకీ అల్లిన చేత్తో పారిజాతాన్ని కూడా అల్లి గోడకి పెట్టాలని ఆమె కోరిక.

దానికో పద్ధతి ఉంది. గళ్ళ కాగితం మీద బొమ్మ వేసుకుని, గడికో కుట్టు చొప్పున ఊలు రంగులు మార్చుకుంటూ కిందనుంచి పైకి అల్లుకుపోవాలి. అడ్డంగా అరవై గళ్ళు, నిలువుగా ఎనభై వరసలు. చేతిలో సూది, ఒళ్ళో అయిదారు ఊలుండలు. మధ్యలో కాగితం చూడబోతే లెక్క తప్పుతుంది. అందుకని ఒకరు చదవాలి, ఒకరు అల్లాలి.

జగన్నాధం ఏడున్నరకి ఫోను పట్టుకుని టీవీ ముందు నిలబడేవాడు. ఆ సీరియల్లో ఒకరు ఏదైనా అంటే మిగతావాళ్ళ మొహాలు మూడేసి సార్లు చూపిస్తారు కాబట్టి ఫొటో తియ్యడానికి తొందరేమీ ఉండదు. ఆ ఫొటో చూసి గ్రాఫు పుస్తకంలో స్కెచ్ పెన్నులతో గళ్ళు నింపేవాడు. పుస్తకాలు ఇచ్చింది హేమ. ఈశ్వరి అన్నగారి కూతురు, విజయనగరంలో స్కూల్లో లెక్కల టీచరు. అరవై గళ్ళలో మనిషి మొహం పెద్దగా పట్టదు. కళ్ళకి రెండు నల్లగళ్ళు, నోటికి మూడు ఎర్రగళ్ళు. బొట్టు ఒక గడయితే పారిజాతం, నాలుగు గళ్ళయితే అత్త.

మొదటి బొమ్మ ఆరువారాలు పట్టింది. పూర్తయ్యాక చూస్తే పారిజాతం మొహంలో రెండు రైళ్ళు ఒకదాన్నొకటి దాటుతున్నట్టుంది.

“ఒసే, ఏటిది? ముక్కు రెండు పక్కలా ఉన్నాదేటి దీనికి?”

“నువ్వు సదివినట్టే అల్లేను బావా.”

“నాను సరిగ్గానే సదివేను. ఎడం నుంచి కుడికి. మనవైపు ఎవులైనా అలగే సదువుతారు.”

“వరస అయిపోయాక నా సెయ్యి ఎనక్కి తిరిగొస్తాదా, లేదా? అది తిరిగొచ్చినప్పుడు నువ్వు కూడా ఎనకనుంచి సదవాలి కదేటి.”

“అంటే ఇప్పుడు పెళ్ళాం ఎటు తిరిగితే నానటు తిరగాలి.”

మూడురోజులు మాటల్లేవు. అన్నం ఎవరికి వాళ్ళు వడ్డించుకున్నారు. నాలుగోరోజు జగన్నాధం పుస్తకం తీసి, సరి వరసలన్నిటికీ కుడిచివర ఎర్రపెన్నుతో చిన్న బాణం గుర్తు పెట్టాడు. తప్పు ఒప్పుకునే అలవాటు ఆ వంశంలో లేదు. ఆ బాణమే ఎక్కువ.

అక్కడనుంచి మూడేళ్ళలో, మొదటిదానితో కలిపి పదకొండు బొమ్మలయ్యాయి. సాయంత్రం సీరియల్‌కి ముందొక గంట, తర్వాతొక గంట. “ఎరుపు ఏడు! తెలుపు మూడు! నలుపు ఒకటి!” అని జగన్నాధం మిల్లు గొంతుతో చదువుతుంటే, టీవీ లేనివాళ్ళకి కూడా పారిజాతం చీర రంగు తెలిసేది. ఒకటి చెప్పి, ఆమె అన్ని కుట్లూ వేసేంతసేపు ఆగి, తర్వాతది చెప్పేవాడు. ఆమె చేతివైపు చూసేవాడు కాదు. ఎంతసేపు ఆగాలో ఆయనకి తెలుసు. ముప్పై ఏళ్ళలో వాళ్ళిద్దరూ అంతంత మాట్లాడుకోవడం అదే మొదలు. అన్నీ రంగులూ అంకెలే. కానీ చాలా ఇళ్ళలో అన్నేళ్ళకి అవి కూడా మిగలవు.

పన్నెండోది పారిజాతం సీమంతం. ఇన్నేళ్ళకి పారిజాతం నీళ్ళోసుకుంది. ఈశ్వరి ఆ ఎపిసోడ్ రెండుసార్లు చూసి, ఎర్ర ఊలు తెప్పించుకుంది. నలభై మూడో వరస నడుస్తోంది.

“ఎరుపు తొమ్మిది,” అన్నాడు జగన్నాధం. ఆగాడు. “తెలుపు...”

“ఎన్ని?”

“తెలుపు... తెలుపు...”

“ఎన్నో సెప్పవేటి బావా? దారం పట్టుకుని ఎంతసేపు కూసుంతాను?”

పుస్తకం కింద పడ్డ చప్పుడైంది. సూది కుట్టు మధ్యలో ఉంది. మధ్యలో వదిలితే జారిపోతుంది. ఈశ్వరి ఆ కుట్టు పూర్తిచేసి తలెత్తింది.

విజయనగరంలో ఆస్పత్రి, ఇరవై రెండు రోజులు. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. ఇంటికొచ్చాక చుట్టాలు రావడం మొదలుపెట్టారు. అందరూ హార్లిక్స్ సీసా తెచ్చారు, అందరూ ఒకే పరీక్ష పెట్టారు. “నానెవర్నో సెప్పు? నన్ను పోల్చీసినావా?” జగన్నాధం అందరి మొహాలూ సమానంగా చూసేవాడు. ఫెయిలయ్యాడని తెలిశాక వాళ్ళు కాఫీ తాగి, ఎవరెవరు ఇలాగే పోయారో ఈశ్వరికి చెప్పి వెళ్ళేవారు.

ఒకరోజు ఏడున్నరకి సీరియల్ పాట మొదలైంది. వంటింట్లో ఉన్న ఈశ్వరికి హాల్లోంచి వినిపించింది.

“తెలుపు నాలుగు.”

గొంతు చిన్నది. ఆయన అంత చిన్నగా మాట్లాడడం ఆమె పెళ్ళిలో కూడా వినలేదు. చేతిలో గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తింది.

“బావా! ఏటన్నావు? మళ్ళీ అను!”

“ఎరుపు రెండు,” అన్నాడు జగన్నాధం.

డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. “నోటికి బాగా అలవాటైనవి కొన్ని మిగులుతాయమ్మా. కొందరికి పాటలు, కొందరికి శ్లోకాలు. ఎక్కువమందికి తిట్లు. వాటికి అర్థం ఉండదు. మీరు ఆశపెట్టుకోకండి.”

“మా ఆయనకి తిట్లు కూడా బాగా అలవాటేనండి,” అంది ఈశ్వరి. అవి ఎందుకు మిగల్లేదో ఆమెకి అర్థం కాలేదు. వచ్చినా సర్దుకునేది.

కొత్తవలస నుంచి జగన్నాధం అక్క నారాయణమ్మ, ఆమె భర్త నూకయ్య వచ్చారు. నారాయణమ్మకి తెలియని విషయం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

“ఒసే ఈశ్వరీ, నీకు బుర్ర లేదే. తమ్ముడు మనకేటో సెప్తన్నాడు. ఎరుపంటే నొప్పి. తెలుపంటే అన్నం. నీలమంటే నీళ్ళు. పసుపంటే బాత్రూం. అంతే గదా, ఇందులో ఏటున్నాది!”

అవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్జుకి అంటించింది. సాయంత్రం జగన్నాధం “పసుపు అయిదు” అన్నాడు. నూకయ్య బావమరిదిని భుజాన వేసుకుని అయిదుసార్లు తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. ఏమీ కాలేదు. ఆరోసారి నూకయ్యే వెళ్ళాడు. మర్నాడు పొద్దున్న వాళ్ళు రైలెక్కేశారు. కాగితం మాత్రం తీయొద్దని నారాయణమ్మ మరీ మరీ చెప్పింది.

ఆ రోజు ఈశ్వరి ఆయన పక్కన కూర్చుని ఊరికే విన్నది. జవాబిచ్చే మనిషి అడిగాక చెప్తాడు. బావ అడక్కపోయినా చెప్తున్నాడు. “తెలుపు మూడు” అని ఆగాడు. ఆమె వేళ్ళు ఖాళీగా ఒళ్ళో ఉన్నాయి. అవి వాటంతటవి కదిలాయి. మూడు కుట్లకి పట్టేంతసేపు ఆగి, “నీలం ఏడు” అన్నాడు. ఈసారి ఏడు కుట్లంతసేపు.

ఈశ్వరికి అప్పుడు తెలిసింది. బావ గ్రాఫు చదువుతున్నాడు.

సీమంతం పుస్తకం తీసి నలభై మూడో వరసతో పోల్చింది. కలవలేదు. పాత పుస్తకాలన్నీ మంచం మీద పరిచి, పదకొండు బొమ్మలూ వరసవరసా వెతికింది. ఎక్కడా కలవలేదు. అంటే ఇది ఇంతవరకు కాగితం మీదకి రాని బొమ్మ. బావ తలలోనే ఉన్నది. ఎనభై వరసలు అల్లితే, ఆయన చెప్పలేకపోతున్నదేమిటో గోడమీద కనిపిస్తుంది. ఆమెకి కావలసింది అదొక్కటే.

ఒక నోటుబుక్కు తెరిచి, ఆయన అన్నది అన్నట్టు రాసుకుంటూ, రోజుకో వరస లెక్కన, అరవై కుట్లకి పునాది వేసింది. మొదటిరోజు ఆయన చెప్పినవి కలిపితే యాభై ఎనిమిది వచ్చాయి. వరస అరవై ఉండి తీరాలి కాబట్టి చివర రెండు తెల్లవి తనే వేసింది. మూడోరోజు సరిగ్గా అరవై వచ్చాయి. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. ఆ అంకె చూసి ఈశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత లేచి ఎదురింటివాళ్ళకి కూడా పాయసం పంపింది. ఎందుకని వాళ్ళడిగితే, “అరవై వచ్చేయి” అంది. వాళ్ళు షష్టిపూర్తి అనుకుని ఆలస్యంగా శుభాకాంక్షలు చెప్పారు.

హేమ ఆదివారాలు వచ్చేది. మావయ్యకి గడ్డం గీసి, గోళ్ళు తీసి, అత్త అల్లుతున్నది చూసేది. ఇరవై వరసలయ్యాయి. అక్కడొక ఎర్ర మచ్చ, ఇక్కడొక నీలం గీత, మధ్యలో పసుపు చుక్కలు.

“బొమ్మేటో తెలస్తందేటే?” అంది ఈశ్వరి.

“ఇంకా లేదత్తా.”

“తెలీదులే. పారిజాతం కూడా పీక వచ్చేవరకు గోనెసంచిలాగే ఉంతాది.”

ముప్పై ఎనిమిదో వరస అయినవారం హేమ బొమ్మ చూడలేదు. నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీ నుంచి అంకెలు కూడింది. లెక్కల టీచర్లకి ఎక్కడ అంకెలు కనిపించినా కూడే జబ్బుంటుంది.

“అత్తా,” అంది చాలాసేపటికి. “మావ మొదట్లో యాభై ఎనిమిది, అరవై సెప్పేడు. తరవాత యాభై రెండు. నలభై ఏడు. మొన్న ముప్పై. నిన్న ఇరవై ఆరు.”

“అలసిపోతన్నాడు మరి. ఒంట్లో బాగోని మనిసి.”

“అలసిపోడం కాదత్తా. తగ్గిపోతన్నాది.”

“మిగతావి నాను తెలుపు వేస్తన్నాను కదే. వరస అరవై ఉంతన్నాది.”

హేమ నోటుబుక్కు మూసి టీవీ పక్కన పెట్టింది. బయల్దేరేముందు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, అత్తవైపు చూడకుండా అంది.

“అందులో బొమ్మేటీ లేదత్తా. డాక్టరుగారు సెప్పినదే నిజం. మావకి ఏది నోటికొస్తే అది వస్తన్నాది. నువ్వు సేతులు నొప్పెట్టించుకోకు.”

“నీకు పెళ్ళి కాలేదు. నీకేటి తెలుసు,” అంది ఈశ్వరి. అది హేమకి జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. వాళ్ళ కుటుంబంలో వేరే జవాబు దొరకనప్పుడల్లా ఆ మాటే అంటారు.

తలుపేసి వచ్చి అల్లిక మంచం మీద పరిచింది ఈశ్వరి. దూరంగా నిలబడి చూసింది. కళ్ళు చికిలించి చూసింది. తలకిందులు చేసి చూసింది. కుడిపక్క ఒక మచ్చ కొంచెం గుండ్రంగా ఉంది. అక్కడ రెండు నల్ల కుట్లు పడితే మొహమవుతుంది. అంతే కావాలి, రెండే రెండు.

మర్నాడు సాయంత్రం జగన్నాధం “ఎరుపు నాలుగు” అని ఊరుకున్నాడు. ఈశ్వరి నాలుగు ఎర్రవి వేసింది. కాసేపు చూసి, తెల్లవి వేసుకుంటూ పోయి, ఆ మచ్చ పైకి వచ్చాక నల్ల ఊలుండ తీసి ఒక కుట్టు వేసింది. నాలుగు తెల్లవి వదిలి ఇంకొకటి వేసింది. మంచం మీద పెట్టి చూసింది. నిజంగానే మొహమైంది. బుగ్గలు, గడ్డం, కళ్ళు. పారిజాతంలాగా ఉంది. ఆ లెక్కన భ్రమరాంబలాగా కూడా ఉంది, బొట్టు పడేవరకు చెప్పలేం.

“బావా, ఇదిగో సూడు. దీన్నేనా నువ్వు సెప్తన్నావు?”

జగన్నాధం అల్లికవైపు చూశాడు. ఆ రెండు నల్ల కుట్లూ కూడా చూశాడు. తర్వాత, అందరి మొహాలూ చూసినట్టే, ఆమె మొహమూ చూశాడు.

ఈశ్వరి సూది తీసి దారం కొస లాగింది. విప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన అననిది ఆయన పేరు మీద అల్లడానికి చేతులు రాలేదు. మళ్ళీ ఎరుపు నాలుగు వేసి, యాభై ఆరు తెల్లవి వేసింది.

యాభయ్యో వరస దాటాక రోజుకి ఒకటో రెండో మాటలు వచ్చేవి. “నీలం రెండు” అని మొదలుపెట్టి, రెండు కుట్లంతసేపు ఆగి, ఆ ఆగడంలోనే ఉండిపోయేవాడు. అరవై ఎనిమిదో వరసకి ఒకే మాట వచ్చింది. “ఎరుపు.” ఎన్నో చెప్పలేదు. ఎన్ని అని ఆమె అడగలేదు. ఒకసారి అడిగిన విసురు ఆమెకి ఇంకా గుర్తుంది. ఒక కుట్టు వేసి తక్కినవి తెలుపు నింపింది.

అరవై తొమ్మిది, డెబ్భై, డెబ్భై ఒకటి. సీరియల్ పాట వచ్చేది, ఆయన మొహం టీవీవైపు తిరిగేది, పెదాలు కొంచెం విడేవి. ఈశ్వరి సూది పట్టుకుని ప్రకటనలతో సహా ఎపిసోడ్ అయ్యేవరకు కూర్చునేది. రేపటి భాగంలో ఏమవుతుందో కూడా చూపించేసేవాళ్ళు. అప్పుడు అరవై తెల్లవి అల్లేది.

ఆ వారంలోనే నారాయణమ్మ, నూకయ్య మళ్ళీ వచ్చారు. ఈసారి హార్లిక్స్ చిన్న సీసా. నారాయణమ్మ తమ్ముణ్ణి పలకరించి, పలకలేదని నిట్టూర్చి, ఫ్రిజ్జు మీద తన కాగితం ఉందో లేదో చూసుకుని, సోఫా వీపు మీద ఉన్న అల్లిక దగ్గర ఆగింది.

“ఓలమ్మా, ఇది తమ్ముడు సెప్తే అల్లినదేనేటే? హేమ సెప్పింది. ఎంత బాగొచ్చినాదే! ఏవండీ, ఇలా రండి. కిందంతా తోట. ఇది సెరువు. ఈ పసుపు బంతిపూలు. సూసేరా?”

నూకయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. “నాకు ఒరిస్సా మ్యాపులాగుంది.”

“మీకన్నీ అలగే ఉంతాయి. పైన సూడండి, ఆకాశం! ఒక్క మబ్బు లేదు. ఎంత తెల్లగా, ఎంత బాగొచ్చిందో ఆకాశం.” ఆమె కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. “తమ్ముడి మనసు ఎంత పెసాంతంగా ఉన్నాదో సూడే. నానే అనవసరంగా బెంగెట్టుకున్నాను.”

ఈశ్వరి కాఫీ గ్లాసు వదిన చేతికిచ్చింది.

“ఇది నాకిచ్చీవే. మొన్న కొత్త సోఫా కొన్నాం గదా, దానిమీద గోడకి బాగుంతాది. రంగులు కూడా కలుస్తాయి. నువ్వు మరోటి అల్లుకో, తమ్ముడెలాగూ ఇంట్లోనే ఉంతాడు.”

“ఇంకా తొమ్మిది వరసలున్నాయొదినా.”

“ఇంకేటుంతాదే, ఆకాశమే గదా! అక్కడితో ముడేసీ.”

“ఆకాశమే,” అంది ఈశ్వరి. “కానీ ఎనబై ఉండాల.”

వాళ్ళు సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. ఏడున్నరకి పాట వచ్చింది. పారిజాతానికి కొడుకు పుట్టాడు, భ్రమరాంబ మొహం మూడుసార్లు చూపించారు. జగన్నాధం ఎడమచెయ్యి సోఫా చేతి మీద ఉంది. ఈశ్వరి తన కుర్చీ దగ్గరగా లాక్కుని, ఆ చెయ్యి తీసి అల్లిక అంచు మీద పెట్టింది. అది అక్కడే ఉంది, పెట్టినట్టే. ఎపిసోడ్ అయ్యేవరకు ఆగింది. టీవీ కట్టేసి మరికాసేపు కూడా ఆగింది.

తర్వాత గొంతు సవరించుకుంది.

“తెలుపు అరవై,” అంది, గట్టిగానే. ఎదురింట్లో ఎవరో కిటికీ తీసి చూశారు. ఈశ్వరి వాళ్ళవైపు చూడకుండా సూది గుచ్చి, ఆయన చెయ్యి అంచు మీదనుంచి జారిపోకుండా, నెమ్మదిగా మొదటి కుట్టు లాగింది.